సగము పని – సంపూర్ణ సత్యము

తలపెట్టిన పనిని నడుమ విడువరాదని మన పెద్దలు చెప్పుదురు. విఘ్నమునకు వెఱచి పని మొదలిడనివారు, మొదలిడి విఘ్నము రాగానే మానువారు, ఎన్ని విఘ్నములు వచ్చినను కడముట్టించువారు అని భర్తృహరి నీతిశతకములో మనుష్యులను మూడు విధములుగా విభజించినాడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగింపు వలన అది మన బడిపిల్లలకు కూడ కంఠస్థమైనది. అయితే పనిని కొనసాగించు శక్తి నిజముగానే ఉడిగినవాడు ఏమి చేయవలెను? సగములోనున్న పనిని ఇంకొకరి చేతిలో పెట్టి, దానికి వెల పుచ్చుకొనుట ధర్మమేనా? పుచ్చుకొన్నచో కొనువానికి ఏమేమి చెప్పవలసియున్నది? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని గృహస్థుని సత్యనిష్ఠ పరీక్షకు నిలుచునది ఇట్టి చిన్న చోట్లనే.

ఒక దృష్టాంతమును తీసికొందము. ఒక విశ్రాంత ఉద్యోగి ఇంట 1960ల నాటి అంబాసిడర్ కారు ఒకటి ఉన్నదనుకొందము. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఆంగ్లేయుల కారు నమూనాను అనుసరించి పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడలో తయారైన ఈ బండి ఒకప్పుడు మంత్రులకును, వైద్యులకును, పెండ్లివారికిని వాహనమై, 2014లో ఉత్పత్తి నిలిచిపోగా జ్ఞాపకముగా మిగిలినది. ఇది అతని తండ్రి కొన్న బండి. చెల్లెలు అత్తవారింటికి వెళ్లినది ఈ బండిలోనే. దానిని పూర్వరూపమునకు తేవలెనని అతడు పూనుకొన్నాడు. ఇంజను దింపి బోరు చేయించినాడు; పిస్టన్లు, రింగులు మార్పించినాడు; టింకరింగు చేయించి తెల్లరంగు వేయించినాడు. అంతలో మోకాళ్లు పట్టినవి. భార్యకు శస్త్రచికిత్స అవసరమైనది. చేతిలోని సొమ్ము కరగిపోయినది. దీపములు, వైరింగు, తలుపుల లోపలి సామాను, వందలకొలది మరలు డబ్బాలలో ఉండగానే బండి పెరటి షెడ్డులో నాలుగు వర్షాకాలములు గడిపినది. ఇప్పుడు అతడు దానిని అమ్మదలచినాడు. కొనవచ్చినవాడు ఒక యువకుడు. ఉద్యోగములో చేరి కూడబెట్టిన మొదటి సొమ్మును పట్టుకొని వచ్చినాడు.

మొదట అమ్ముటను గూర్చియే ఆలోచింతము. తండ్రి గుర్తును, తానే పూనిన పనిని విడుచుచున్నానను బాధ అతనికి ఉండుట సహజము. అయితే మన పురాణములలో ఒక్క తరములో ముగియని గొప్ప కార్యమొకటి కలదు. సగరపుత్రుల ఉద్ధరణకై గంగను భువికి దింపవలెనని అంశుమంతుడు తపస్సు చేసినాడు, సాధింపలేకపోయినాడు. అతని కుమారుడు దిలీపునికిని అది సాధ్యము కాలేదు. దిలీపుని కుమారుడు భగీరథుడు సాధించినాడు. అంశుమంతుని, దిలీపుని మనము పని విడిచినవారని నిందించుట లేదు. వారి తరువాత ఆ పని మరియొక చేతికి చేరినది గనుక అది నిలిచిపోలేదు. కావున శక్తి చాలనప్పుడు పనిని తగినవానికి అప్పగించుట విడుచుట కాదు. ఏటేటా త్రుప్పు పట్టుచున్నను “నాది” అను మమకారముచే షెడ్డులోనే ఉంచి, తుదకు పాత ఇనుము క్రింద తూకమునకు వేయు దినమును తెచ్చుకొనుటయే నిజముగా విడుచుట.

ఇక రెండవ విషయము కఠినమైనది. ముట్టుకొనని పాత బండి తన లోపములను తానే చెప్పుకొనును. రంగు వెలసినచోట వెలసినట్లు, త్రుప్పు తిన్నచోట తిన్నట్లు ఎవరికైనను కనబడును. పూర్తిగా బాగుచేసిన బండి నడచి తన్ను తాను ఋజువు చేసికొనును. సగము బాగుచేసిన బండికి ఈ రెండును లేవు. అది నడవదు, దాని గాయములు మాత్రము కప్పబడియున్నవి. మన దృష్టాంతములోని గృహస్థునకు ఒక సంగతి జ్ఞాపకమున్నది. టింకరింగు చేయునాడు తలుపుల క్రింది అంచులలోను, నేల రేకులోను చిల్లులు బయటపడినవి. క్రొత్త రేకు అతికించుటకు సొమ్ము చాలక, “తరువాత చూచుకొందము” అని పుట్టీ పెట్టించి, పైన నల్లరంగు పూయించినాడు. ఈ బండికి లారీకి వలె వేరుగా ఇనుప చట్రము లేదు. రేకుతో కూర్చిన ఒడలే బరువును మోయును. కావున ఆ చిల్లులు అందమునకు సంబంధించిన లోపము కాదు, ప్రాణమునకు సంబంధించిన లోపము. ఆనాడు ఆ పుట్టీలో మోసము లేదు. అది అతడు తనకొరకు చేసికొన్న తాత్కాలికపు పని. అమ్మకమునకు పెట్టిన క్షణము నుండి అదే పుట్టీ అసత్యముగా మారుచున్నది.

యువకుడు బండిని చుట్టి చూచి, “బాబాయిగారూ, అడుగున అంతా బాగుగానే ఉన్నదికదా?” అని అడిగినాడు. పెద్దాయన వెంటనే బదులు చెప్పలేదు. భార్య మందుల చీటీ ఆయన జేబులోనే ఉన్నది.

ఈ మౌనమును గూర్చి లోకమున చాలకాలముగా చర్చ ఉన్నది. రోమను పండితుడు సిసెరో క్రీ.పూ. 44లో తన కుమారునికై వ్రాసిన కర్తవ్యగ్రంథములో, లోపములున్న ఇంటిని అమ్మువాని ప్రశ్నను చర్చించినాడు. అడుగని లోపమును చెప్పనక్కరలేదని డయోజనీసు అను తత్త్వవేత్త పక్షము. చెప్పవలసినదే యని అతని శిష్యుడు ఆంటిపేటరు పక్షము. సిసెరో శిష్యుని వైపే మొగ్గినాడు. మన దేశమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 17వ సెక్షనులో, ఈ విషయమునే ఒక గుఱ్ఱము ఉదాహరణతో వివరించినది. గుఱ్ఱమునకు జబ్బున్నదని తెలిసియు వేలములో ఏమియు చెప్పక అమ్మినచో అది మోసము కాదట. కాని కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కుమార్తె యైనచో చెప్పి తీరవలెనట. “నీవు కాదనకున్నచో మంచి గుఱ్ఱమే అనుకొందును” అని కొనువాడు అన్న తరువాత మౌనము వహించినచో ఆ మౌనము మాటతో సమానమట.

చట్టము న్యాయస్థానమునకు హద్దులు గీయవలెను గనుక కుమార్తెకు ఒక నియమము, పరునికి ఒక నియమము చెప్పినది. ధర్మమునకు ఆ భేదము లేదు. మహాభారతము శాంతిపర్వములో జాజలి యను తాపసి, తన జడలలో పక్షులు గూడు కట్టుకొనునంతగా కదలక తపస్సు చేసి, ధర్మము తనకు సిద్ధించినదని గర్వించినాడు. వారణాసిలోని తులాధారునితో నీవు సమానుడవు కావని అశరీరవాణి పలికినది. వెళ్లి చూడగా అతడు అంగడిలో సరకులు అమ్ముకొను వర్తకుడు. ఒకరి చేతినుండి కొన్న వస్తువును కపటము లేక మరియొకరికి అమ్ముట, సర్వప్రాణులయెడ తన త్రాసును సమముగా నిలుపుట, ఇదియే అతని తపస్సు. ఆ త్రాసులో కుమార్తెకు ఒక ప్రక్క, పరునికి ఒక ప్రక్క లేదు. ఎదుట నిలిచిన యువకుడు కూడ ఒకరి బిడ్డయే. రేపు ఆ నేల రేకుపై కాలు మోపి కూర్చుండువారు అతని భార్యాబిడ్డలే.

అసత్యమునకు ఇంకొక సున్నితమైన రూపము కలదు. “మూడువంతుల పని అయిపోయినది, కొంచెమే మిగిలినది” అనుట. సాధారణముగా మనము కంటికింపైన పనిని ముందు చేసి, కనబడని కష్టమును వెనుకకు నెట్టుదుము. మెరయుచున్న రంగును చూచి మూడువంతులని లెక్కించుట లెక్క కాదు. మిగిలినది నిజముగా కొంచెమే యైనచో తానే పూర్తి చేసి యుండునుకదా! అట్లే, “ఇంత ఖర్చు పెట్టినాను, అంతయు రావలెను” అనుటయు న్యాయము కాదు. గడచిన కాలములో మన కోరికకు మనము పెట్టిన ఖర్చు కొనువాని ఋణము కాదు. కాగితముల విషయమును అంతే. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరములు దాటిన కారు వింటేజి వాహనముగా నమోదు కావచ్చును. కాని చట్రము, ఒడలు, ఇంజను మూలరూపమునుండి మారి యుండరాదు. వేరొక ఇంజను బిగించియున్నచో ఆ మాటను ముందే చెప్పవలెను.

పెద్దాయన తుదకు నోరు విప్పినాడనుకొందము. “బాబూ, బాగుగా లేదు. ఆ నలుపు క్రింద పుట్టీ ఉన్నది. గీకి చూచుకో” అన్నాడు. యువకుడు ధర తగ్గించి కొనవచ్చును, నమస్కరించి వెళ్లిపోవచ్చును. సత్యము చెప్పినవెంటనే లాభము కలుగునని ఎవరును హామీ ఈయజాలరు. మందుల చీటీ జేబులో అట్లే ఉండవచ్చును. ఆ కష్టము చిన్నది కాదు. అయినను దానిని తెలియని మరియొక ఇంటి నెత్తిన పెట్టు అధికారము మాత్రము మనకు లేదు.

మనలో కారులు బాగుచేయువారు కొద్దిమందియే. కాని సగములో ఆగిన ఇల్లు, తేలని పొలము హద్దు, వ్రాయని పద్దు లేని సంసారము ఏది? అవన్నియు ఒకనాడు మరియొక చేతికి పోవలసినవే. పని పూర్తి చేయుట అన్నివేళల మన వశములో లేదు. అందినంతవరకు చేసి, చేసినది ఇది, చేయనిది ఇది, కప్పినది ఇది అని అప్పగించుట మన వశములోనిదే. విప్పిన ప్రతి మరను ఎక్కడిదో చీటీ వ్రాసి డబ్బాలో ఉంచువాడు బండిని పూర్తి చేయకపోయినను తన ధర్మమును పూర్తి చేసినవాడే.