వెలుగుకి పట్టా ఎవరిస్తారు?

ఆక్స్‌ఫర్డులోనో కేంబ్రిడ్జిలోనో చదివినంత మాత్రాన ఎవరూ దేవుడి సేవకు అర్హులైపోరని 1646లో జార్జ్ ఫాక్స్‌కి తట్టింది. నేతగాడి కొడుకు, చెప్పులు కుట్టడం నేర్చుకున్నవాడు, ఇరవై దాటిన కుర్రాడు. ఆ నమ్మకం మీద లేచిందే క్వేకర్లనే క్రైస్తవుల ఉద్యమం. జీతం తీసుకునే పాదిరి అక్కర్లేదు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికి లోపల్నుంచి పిలుపొస్తే వాళ్ళు లేచి మాట్లాడతారు, ఆడవాళ్ళయినా సరే. ఆ ఫాక్స్ వారసులే 1960లో అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఎర్లమ్ స్కూల్ ఆఫ్ రెలిజియన్ తెరిచారు. డిగ్రీ అయినవాళ్ళు అక్కడ చేరి మాస్టర్ ఆఫ్ డివినిటీ చదువుతారు.

పట్టా అక్కర్లేదన్నవాళ్ళే పట్టాలిచ్చే బడి పెట్టారని వెటకారం చెయ్యడం సులువే. పెట్టడానికి లౌకిక కారణమూ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో చాలామంది క్వేకర్లు పాస్టర్లను పెట్టుకున్నారు. పాస్టరన్నాక శిక్షణ కావాలి. అంతవరకే అయితే అది ఉద్యోగాల లెక్క. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. లోపల వెలుగు కనిపించిందని ఒకడంటే, అది వెలుగో భ్రమో తేల్చేదెవరు? దేవుడి సంగతి తేల్చుకోని నాలాంటివాడికీ ఈ ప్రశ్న తప్పదు. మనస్సాక్షి చెప్పిందని మనం రోజూ చేసే పనులకు మాత్రం హామీ ఏముంది?

1656లో జేమ్స్ నేలర్ అనే క్వేకరు, యేసు జెరూసలేములోకి వచ్చినట్టు, గుర్రమెక్కి బ్రిస్టల్ నగరంలోకి వచ్చాడు. వెంట ఉన్నవాళ్ళు హోసన్నా పాడారు. పార్లమెంటు దాన్ని దైవదూషణగా తేల్చి అతని నాలుకను కాల్చిన ఇనుముతో పొడిపించింది, నుదుటి మీద అక్షరం వేయించింది. శిక్ష అమానుషం, సందేహం లేదు. క్వేకర్లు మాత్రం దీన్నుంచి ఒక పాఠం తీసుకున్నారు: ఒక్కడి వెలుగును పదిమంది పరీక్షించాలి.

ఆ అలవాటు నుంచి వచ్చిందే క్లియర్‌నెస్ కమిటీ. పెళ్ళి చేసుకోబోయే జంటకు అడ్డంకులేమీ లేవని చూసుకోడానికి పుట్టిన పద్ధతి, ఇప్పుడు ఎటూ తేల్చుకోలేని ఎవరికైనా పనికొస్తోంది. కష్టంలో ఉన్న మనిషి చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. సలహా ఇవ్వకూడదు. తన అనుభవం చెప్పకూడదు. ప్రశ్నలే అడగాలి, అదీ జవాబు తమకు ముందే తెలియని ప్రశ్నలు. "ఉద్యోగం మానేస్తే బాగుంటుందని నీకనిపించలేదా?" అనేది ప్రశ్న ముసుగులో ఉన్న సలహా, చెల్లదు. మన ఇళ్ళలో పెద్దమనుషుల్ని ఈ నియమంతో కూర్చోబెట్టి చూడండి, ఎంతసేపు నోరు మూసుకుంటారో.

అయితే ఆ పదిమందే గుడ్డివాళ్ళయితే? 1688లోనే పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్ నుంచి బానిసత్వం తప్పని రాతపూర్వకంగా వినతి వచ్చింది. ఒక సభ నుంచి పై సభకు, అక్కడి నుంచి ఇంకా పై సభకు వెళ్ళి పక్కన పడింది. 1738లో బెంజమిన్ లే అనే పొట్టి మనిషి, బోలు చేసిన పుస్తకంలో ఎర్రని పండ్ల రసం నింపిన తిత్తి దాచుకుని క్వేకర్ల వార్షిక సభకు వెళ్ళి, దాన్ని కత్తితో పొడిచాడు. రసం చుట్టుపక్కల ఉన్న బానిసల యజమానుల మీద చిందింది. ఆయన్ని బయటికి గెంటేశారు. సంఘం ఆయన్ని తనవాడు కాదంది. ఫిలడెల్ఫియా క్వేకర్లు బానిసల్ని ఉంచుకోకూడదని తమవాళ్ళను కట్టడి చేసింది 1776లో. మధ్యలో అన్నేళ్ళూ వాళ్ళ మౌన సభలు ఆగలేదు మరి.

కాబట్టి ఒంటరి మనిషిని నమ్మలేం, గుంపునూ నమ్మలేం. చరిత్ర, భాషలు, తర్కం చదవాల్సిన అవసరం ఇక్కడే వస్తుందనుకుంటాను. క్వేకర్ల తొలి తరంలోనే శామ్యూల్ ఫిషర్ ఉన్నాడు. ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. బైబిలు ప్రతులు చేతులు మారుతూ మారుతూ వచ్చినవేనని, అక్షరాన్ని పట్టుకుని వేలాడొద్దని 1660లో పండితుల మీదే పుస్తకం రాశాడు. పండితుల నోరు మూయించడానికి పాండిత్యమే కావలసి వచ్చింది. ఫాక్స్‌కి ఇది తెలియకపోదు. ఆయన కాదన్నది చదువును కాదేమో, చదువు చూపించి పెత్తనం అడగడాన్ని.

ఎర్లమ్‌లో ఇంతా చదివిన ఒక విద్యార్థి చివరి పరీక్షలో, "ఫాక్స్ చెప్పిందే నిజం, ఈ పట్టా నాకక్కర్లేదు" అని రాస్తే మేష్టారు ఏం చెయ్యాలి? నేనైతే మార్కులు వేస్తాను. కాకపోతే ఆ నిశ్చయం తనకెక్కడిదో, ఆ బెంజమిన్‌ని గెంటేసినవాళ్ళ నిశ్చయం కంటే అది ఏ విధంగా వేరో మరో నాలుగు పేజీలు రాసి తెమ్మంటాను.