నీవు నాటని తోట

ధ్యాన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:10-12, 15:12-15, యోహాను 20:11-16



కొంతకాలము క్రితము మన సంఘములోని ఒక యువ దంపతులు శనివారము పూట మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగము చేస్తున్నారు. "మాస్టారూ, అక్కడ ఒక పాత కాటేజీ అమ్మకానికి వచ్చింది. మీరు ఆ వీధుల్లోనే పుట్టి పెరిగారు గదా, ఒకసారి మాతో వచ్చి చూడండి" అని అడిగారు. వెళ్లాము. గేటుకు కట్టిన బోర్డు మీద మూడు మాటలున్నాయి: పురాతన కాటేజీ, పూర్తిగా బాగుచేసినది, ఎదిగిన తోటతో సహా.

వైట్‌ఫీల్డ్ చరిత్ర మీలో కొందరికి తెలిసియుండవచ్చును. 1882లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు ఆంగ్లో ఇండియనుల సంఘమునకు దాదాపు 3,900 ఎకరములు ఇచ్చారు. ఆ సంఘ నాయకుడు డి.ఎస్. వైట్ పేరు మీదనే ఆ ఊరు వెలసినది. నడుమ మైదానము, దాని చుట్టూ గుండ్రముగా వీధి, ఆ వీధి వెంట పెద్ద దొడ్లు గల ఇండ్లు. సేద్యము చేసుకొని బ్రతకాలని వచ్చినవారి ఊరది. నేడు అక్కడ ఐటీ పార్కు ఉన్నది, 2023 నుండి మెట్రో రైలు కూడా నడుస్తున్నది. పాత కాటేజీలు మాత్రము వ్రేళ్ల మీద లెక్కపెట్టవచ్చును.

ఆ ఇంటిని బాగుచేసినవారు శ్రద్ధగా చేశారు. పైన మంగళూరు పెంకులు. 1865లో బాసెల్ మిషను వారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన దగ్గరనుండి మన దక్షిణ దేశమంతటా పరచుకున్న పెంకులే. కిటికీల మీద మంకీ టాప్ అనే చెక్క చూరు, లోపల నున్నని రెడ్ ఆక్సైడ్ నేల. గోడలకు సిమెంటు పూయక సున్నపు గారే వేశారు. ఆ పని చేసిన మేస్త్రీ మాకు ఒక మంచి మాట చెప్పాడు. "పాత గోడ సున్నముతో కట్టినది సార్. దాని మీద సిమెంటు పూస్తే పైకి బాగానే ఉంటుంది. లోపలి తడి బయటికి పోలేక గోడను తినేస్తుంది" అన్నాడు. ఆ మాటను మనస్సులో ఉంచుకొనండి. తరువాత దాని పని ఉన్నది.

1. నీవు కట్టని ఇల్లు

ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశములో అడుగు పెట్టకముందే మోషే వారికొక హెచ్చరిక చేశాడు. తాము కట్టని పట్టణములు, నింపని ఇండ్లు, త్రవ్వని బావులు, నాటని ద్రాక్షతోటలు వారికి దొరకబోవుచున్నవి. అవి పొందుట పాపమని దేవుడు చెప్పలేదు. తిని తృప్తిపొందిన వేళ మరచిపోవద్దు అన్నాడు. ఆకలివేళ దేవుని మరువని మనిషి కడుపు నిండిన వేళ మరచును. మన పిల్లలు మంచి ఇండ్లు కొనుట మనకు సంతోషమే. తాళపుచెవి చేతికి వచ్చిన దినమున, ఈ గోడల వెనుక ఎవరి చెమట ఉన్నదో తలంచుకొని మోకరించు ఇల్లే దీవెన పొందిన ఇల్లు.

2. నీవు నాటని తోట

ఇల్లు ఆరునెలల్లో బాగుచేయవచ్చును. తోటను అట్లు చేయలేము. ఆ దొడ్డిలో రెండు మామిళ్లు, ఒక పనస, సపోటా, సంపెంగ, బెంగుళూరువారు బటర్ ఫ్రూట్ అనే చెట్టు ఉన్నవి. అంటు మామిడి కాపుకు రావలెనంటే మూడు నాలుగు సంవత్సరములు, టెంక నాటితే ఇంకా ఎక్కువ. లేవీయకాండము 19:23-25 చూడండి. నాటిన చెట్టు ఫలమును మూడేండ్లు ముట్టకూడదు, నాలుగవ ఏట అది దేవునికి ప్రతిష్ఠితము, అయిదవ ఏటనే తినవలెను. ఎంత ధనవంతుడైనను కాలమును కొనలేడు. కొన్నాడంటే ఎవరో ఇంతకుముందే ఆ కాలమును అక్కడ ఖర్చుపెట్టియున్నారని అర్థము.

మన పెద్దలు అట్లు ఖర్చుపెట్టినవారే. బబులోనుకు కొనిపోబడినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము (29వ అధ్యాయము) జ్ఞాపకము చేసుకొనండి. పరాయి పట్టణమని మూటలు కట్టుకొని కూర్చుండక, అక్కడనే ఇండ్లు కట్టి, తోటలు నాటి, ఆ పట్టణ క్షేమము కొరకు ప్రార్థించుమని దేవుడు చెప్పాడు. నెల్లూరు జిల్లానుండి పని వెదకుకొంటూ వచ్చిన మా తండ్రిగారు ఆ మాట చదివినవారు కారు, ఆయనకు అక్షరము రాదు. అయినను ఆ మాట ప్రకారము జీవించారు. తేడా ఒక్కటే. ఆయన నాటిన తోట ఆయనది కాదు.

3. తోటమాలి

మేము చూడబోయిన ఇంటికి రెండిండ్ల అవతల, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన స్థలములో, మా తండ్రిగారు మాలిగా పనిచేశారు. వెనుకనున్న ఔట్‌హౌసులో మేము పెరిగాము. ఈ సంగతి నలుబది ఏండ్లుగా సంఘములో ఎవరికిని చెప్పలేదు. టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టినప్పుడు తండ్రి వృత్తి అన్నచోట "వ్యవసాయము" అని వ్రాశాము. మా తండ్రిగారు క్రింద వేలిముద్ర వేశారు. ఏమి వ్రాశావని అడుగలేదు. ప్రియులారా, మేస్త్రీ చెప్పిన సిమెంటు పూత అదే. పైకి బాగుండెను, తడి లోపలనే ఉండెను.

ఆ శనివారము బ్రోకరు మమ్మును తోటంతా త్రిప్పి, వెనుక ఔట్‌హౌసు చూపించి, "మాలి కుటుంబము ఉంది. ఇరవై రెండేండ్లుగా ఉన్నారు. రిజిస్ట్రేషనుకు ముందే ఖాళీ చేయిస్తాము, మీకేమీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఆ మాలి పది అడుగుల దూరములో గొట్టముతో నీళ్లు పెడుతున్నాడు. విన్నాడు. తల ఎత్తలేదు. మేమును విన్నాము, ఊరకుంటిమి. మాతో వచ్చిన ఆ అమ్మాయే, "అయితే ఈయన ఎక్కడికి పోతాడండీ?" అని అడిగింది. బ్రోకరు జవాబు చెప్పలేదు. మాలి కొడుకువైన నీవు అడుగవలసిన ప్రశ్న ఇది గదా అని ఆత్మ మమ్మును గద్దించెను.

ద్వితీయోపదేశకాండము 15లో దేవుని ధర్మము స్పష్టముగా ఉన్నది. ఆరేండ్లు పనిచేసిన దాసుని ఏడవ యేట విడిపించునప్పుడు వట్టి చేతులతో పంపకూడదు. మందలోనుండి, కళ్లములోనుండి, ద్రాక్షగానుగలోనుండి ధారాళముగా ఇచ్చి పంపవలెను. ఎందుకు? నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివి గనుక. ఆరేండ్లకే అట్లయితే, ఇరవై రెండేండ్లకు ఏమి చెప్పవలెను? బోర్డు మీద "ఎదిగిన తోట" అని వ్రాసి దానికి వెల కట్టారు. ఎదిగించినవాడు ఆ లెక్కలో లేడు.

ఆ ఇల్లు మన పిల్లల అందుబాటుకు మించినది, కొనలేదు. అయితే ఆ దంపతులు, మేము కలిసి యజమానుల యొద్దకు వెళ్లి మాట్లాడితిమి. మొదట మీకెందుకన్నారు. రెండవసారి వెళ్లినప్పుడు, మాలి పిల్లల పరీక్షలు అయ్యేవరకు ఉండనిచ్చుటకును, చేతికి కొంత సొమ్ము ఇచ్చుటకును ఒప్పుకొన్నారు. అది చాలదని మాకు తెలుసు. అయినను అతడు వట్టి చేతులతో పోలేదు.

ఆ తరువాతి ఆదివారము సంఘము ముందు నిలిచి మా తండ్రిగారి పని ఏమిటో చెప్పితిమి. ఆరాధన తరువాత ఒక పెద్దమ్మ మా చేయి పట్టుకొని, "నాయనా, మా ఆయనా మాలీయే" అన్నది.

పునరుత్థానుడైన ప్రభువు మొదట కనబడినది ఒక తోటలో. మగ్దలేనే మరియ ఆయనను తోటమాలి అనుకొన్నది. ప్రభువు దానికి నొచ్చుకొనలేదు, ఆమెను పేరు పెట్టి పిలిచెను. ఆది తోటలో దేవుడు మనిషికిచ్చిన మొదటి పనియు తోటపనియే (ఆదికాండము 2:15). ఏ పనిని మేము దాచుకొన్నామో ఆ పనివాడని పొరబడినందుకు మన ప్రభువు సిగ్గుపడలేదు.

బరంపురములో, షోలాపూరులో, చెన్నైలో, యానాంలో ఉన్న మన సంఘములకు ఒక మనవి. మీ చర్చి కాంపౌండులో వాచ్‌మన్‌గా, మాలిగా ఉన్న కుటుంబమును ఈ వారము పోయి చూడండి. అతని పేరు పిల్లలకు తెలుసా? అతడు ముసలివాడైన దినమున ఎక్కడికి పోవును? వచ్చే బిజినెస్ మీటింగులో ఈ ప్రశ్న పెట్టండి, జవాబు మినిట్స్‌లో వ్రాయించండి. ఇల్లు అమ్మువారు, కొనువారు బేరములో ఆ మనిషికి రావలసినది ముందుగా తీసిపెట్టండి. మీ తాత ఏ పని చేశాడో మీ మనుమలకు దాచక చెప్పండి.

మనము నాటని తోటలో మనలను నిలిపిన దేవుడు, మరువని హృదయమును మనకనుగ్రహించును గాక. ఆమేన్.