తామరాకు, సీసా

గాజుసీసాకు లోపలా బయటా అల్యూమినియం రేకు అంటించి హైవోల్టేజీ కెపాసిటర్ చేసే కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి, "ఇంకాస్త మందం సీసా దొరకదా మాస్టారూ?" అంటారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు పొద్దున్నే గీత చదువుకుంటున్నాను. ఈ సీసాను 1745లో చేసిన ఫాన్ క్లైస్ట్ కూడా చర్చి మనిషే గనక, రెంటినీ కలిపి మాట్లాడినా తప్పులేదు.

మందం పెంచితే కెపాసిటీ పడిపోతుంది, అంతే. మిల్లీమీటరు గాలి సుమారు 3 వేల వోల్టులకే తెగుతుంది, గాజు అంతకు ఎన్నో రెట్లు ఓర్చుకుంటుంది. తెగేది సీసా ఒంటిమీద. చీకట్లో చూడండి: రేకు అంచున ఊదారంగు వెలుగు బుసలు కొడుతుంది, ఓజోన్ వాసన ముక్కుకు తగులుతుంది, ఆ వెలుగు గాజు మీద పాకి మూతి దాటి టప్‌మని అవతలి రేకును అందుకుంటుంది. అందుకే రేకును మూతికి బాగా దిగువనే ఆపి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. పైన మిగిలిన గాజును కడిగి, ఆరబెట్టి, లక్క వార్నిష్ పుయ్యాలి. ఇంకా పాకితే మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్లో ముంచడమే. (షార్ట్ చెయ్యకుండా ముట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పి పంపుతాను.)

మనసు విషయంలోనూ జనం అడిగేది మందం గాజే: ఇంకో దీక్ష, ఇంకో ఉపవాసం. గీత ఐదో అధ్యాయంలో తామరాకు ప్రస్తావన వస్తుంది. ప్రవచనాల్లో దాన్ని మడి లాగా చెబుతారు, నాకది పొసగదు. ఆకు ఉండేది నీళ్లలోనే. మీద పడ్డ నీరు పొరగా పరుచుకోక బొట్లుబొట్లుగా విడిపోతుంది. కరెంటు లైన్లలోనూ ఇదే సంగతి: సముద్రపొడ్డున ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు దానితో బాధ లేదు. వేకువన మంచుకు తడిసి ఒకే పొర అయిందా, ఫ్లాష్ అవుతుంది. పింగాణీనైతే కడుగుతూ ఉండాల్సిందే. సిలికాన్ రబ్బరు తనలోని జిడ్డును మురికిలోకి ఊరనిచ్చి, ఆ మురికినే తడవనివ్వదు. గీత చెప్పే అసంగం, అంటే దేనికీ అంటకుండా ఉండడం, నాకు అర్థమైంది ఇలాగే. మురికి పడుతుంది, పడినది ఒకదానితో ఒకటి చేతులు కలపదు.

తామరాకుకు ఆ గుణం పుట్టుకతోనే వచ్చింది, సాధన అక్కర్లేదు. సిలికాన్ అలా కాదు. విడవకుండా తడిసి, స్పార్కులు తగిలితే ఆ గుణం పోతుంది, కొన్నాళ్లు పొడిగా ఉంటే మళ్లీ వస్తుంది. అది దైవకృప అంటారు మా పక్కింటి పంతులుగారు. ఆరడానికి వ్యవధి ఇవ్వడం మన పనే కదండీ అంటాను నేను.