రుచి చూడ్డమేగా!
(ఐదో శీలం గురించి నాలుగు మాటలు)



ధమ్మ బంధువులారా,

"తాగట్లేదన్నా, ఊరికే రుచి చూస్తున్నాం." ఈ మాట మీరు వినే ఉంటారు. కొందరు అని కూడా ఉంటారు. నేనూ అన్నాను. అన్న చోటు మన వాడ కాదు, జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరం. పంచశీలంలో ఐదో శీలం గురించి ఈసారి రాయాలనుకున్నప్పుడు, పక్కవాడి తప్పు చూపించి మీకు బుద్ధి చెప్పడం కన్నా నా తప్పు చెప్పుకోవడమే నిజాయితీ అనిపించింది.

మేం నలుగురం సాంఘిక సంక్షేమ హాస్టల్లో కలిసి పెరిగిన వాళ్లం. ఒకడు లెక్చరర్, ఒకడు బ్యాంకు ఉద్యోగి, ఒకడు కొలోన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగోవాణ్ణి నేను, మీకు తెలిసిన పని చేసుకుంటూ తిరిగేవాణ్ణి. ఒక ఏప్రిల్‌లో బాబాసాహెబ్ జయంతి అక్కడ జరుపుకుందాం రమ్మని కొలోన్ మిత్రుడు టిక్కెట్లు పంపాడు. వాడి ప్రణాళికలో రెండు ముఖ్యమైన అంశాలున్నాయి. ఒకటి, బాబాసాహెబ్ 1920ల తొలినాళ్లలో పేరు నమోదు చేసుకున్న బాన్ విశ్వవిద్యాలయం చూడటం. రెండోది, ఊరికో బీరు రుచి చూడటం. "మన దగ్గర ఊరు మారితే పచ్చడి మారుద్ది గదరా, ఇక్కడ ఊరు మారితే బీరు మారుద్ది" అన్నాడు.

వాడన్నది నిజమే. కొలోన్‌లో దొరికేది కోల్ష్. లేత బంగారు రంగు, తేలికైన రుచి. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే డ్యూసెల్‌డార్ఫ్. అక్కడ రాగి రంగులో, కాస్త చేదుగా ఉండే ఆల్ట్ కాస్తారు. 'ఆల్ట్' అంటే పాతది, అంటే పాత పద్ధతిలో పులియబెట్టింది అని. ఈ రెండు ఊళ్ల వాళ్లూ ఒకరి బీరును ఒకరు వెక్కిరించుకుంటారు. దక్షిణాన బవేరియాలోని బాంబెర్గ్‌కి పోతే పొగ బీరు. మొలకెత్తించిన బార్లీని బీచ్ కట్టెల పొగ మీద ఆరబెడతారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే మా అమ్మ పొయ్యి పైన తీగకు వేలాడదీసిన ఎండు తునకల వాసన గుర్తొచ్చింది. బవేరియాలో 1516లోనే బీరులో బార్లీ, హాప్స్ పువ్వు, నీళ్లు తప్ప వేరేవి వాడకూడదని చట్టం చేశారు. ఇది వందల ఏళ్ల పనితనం. దాన్ని నేను తక్కువ చేయను. వాళ్ల దేశాన్ని తప్పు పట్టడానికి కూడా ఇది రాయడం లేదు.

కొలోన్‌లో మొదటి సాయంత్రం గురించి చెప్పాలి. అక్కడ కోల్ష్‌ని 200 మిల్లీలీటర్లు పట్టే సన్నటి గ్లాసులో ఇస్తారు. వడ్డించే వాళ్లను కోబెస్ అంటారు. గ్లాసు ఖాళీ కాగానే, మనం అడగకుండానే ఇంకోటి పెట్టేసి, గ్లాసు కింద ఉన్న అట్టముక్క మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి పోతాడు. వద్దనుకుంటే ఆ అట్టను తీసి గ్లాసు మీద మూతలా పెట్టాలి. పెట్టకపోతే వస్తూనే ఉంటుంది. అది వాళ్ల ఆచారం.

నేను ఒక్కటి, రుచికి అనుకున్నాను. లేచేసరికి నా అట్ట మీద నాలుగు గీతలున్నాయి. రెండోదీ మూడోదీ ఎప్పుడు వచ్చాయో నిజంగా నాకు తెలీదు.

మర్నాడు బాన్ వెళ్లాం. కొలోన్ నుంచి రైల్లో అరగంట. ఒకప్పటి రాజభవనమే విశ్వవిద్యాలయం. పసుపు గోడలు, ముందు పెద్ద పచ్చిక. మా వాడు సంచిలోంచి బాబాసాహెబ్ ఫొటో తీసి బెంచీ మీద పెట్టి, "ఒరేయ్, నువ్వు చెప్పు, మేం అంటాం" అన్నాడు. త్రిసరణం చెప్పాను. నాలుగు శీలాలు చెప్పాను. ఐదోదాని దగ్గర గొంతు పెగల్లేదు. నోట్లో ఇంకా నిన్నటి చేదు ఉంది. ఎలాగో పూర్తి చేశాను. అప్పుడు లెక్చరర్ మిత్రుడు నవ్వుతూ అడిగాడు: "నిన్న రాత్రిది ఈ లెక్కలోకి రాదారా?"

బంధువులారా, ఈ ప్రశ్న మీ ముందే పెడుతున్నాను. రుచి చూడటం ఆ లెక్కలోకి వస్తుందా, రాదా?

"బీరు మందు కాదు" అంటారు కొందరు. ఐదో శీలంలో ఉన్న మాటలు చూడండి. సుర, మేరయం, మజ్జం. వినయ పిటకం వీటిని విడమర్చి చెప్తుంది. పిండితో, అన్నంతో, పులియబెట్టే ముద్దతో చేసేది సుర. పూలు, పళ్లు, తేనె, బెల్లంతో చేసేది మేరయం. బీరు గింజతో చేసేది కాబట్టి వరసలో మొదటి మాటలోనే దొరికిపోయింది.

"కొంచెమే కదా" అంటారు. లెక్క వేద్దాం. కోల్ష్‌లో ఆల్కహాల్ ఐదు శాతానికి కాస్త తక్కువ. నాలుగు గ్లాసులంటే 800 మిల్లీలీటర్లు. అంటే దగ్గర దగ్గర 38 మిల్లీలీటర్ల ఆల్కహాల్. మన దగ్గర అమ్మే విస్కీ 90 మిల్లీలీటర్లలో ఉండేదీ అంతే. నేను 'రుచి చూసింది' అర క్వార్టర్. వాడలో ఒకడు అర క్వార్టర్ వేసి వస్తే వాణ్ణి మనం ఏమంటాం? చెప్పండి.

"బెల్జియంలో క్రైస్తవ సన్యాసులే మఠాల్లో బీరు కాస్తారు గదా" అని కూడా మా వాడు అన్నాడు. నిజమే, కాస్తారు. వాళ్ల నియమం వాళ్లది. మన సంఘం నియమం ఎలా పుట్టిందో వినండి.

సాగతుడనే భిక్షువు ఉండేవాడు. ఆయన తన సాధనా బలంతో ఒక భయంకరమైన నాగాన్ని లొంగదీశాడు. ఆ పేరు కౌశాంబి దాకా పాకింది. అక్కడి ఉపాసకులు సంతోషపడి, భిక్షువులకు అరుదుగా దొరికేది ఏదో ఇద్దామనుకున్నారు. తేటగా ఉండే ఒక రకం మద్యం మంచిదని కొందరు చెడ్డ భిక్షువులు సలహా ఇచ్చారు. సాగతుడు భిక్షకు వచ్చిన రోజు ప్రతి ఇంట్లోనూ అదే సిద్ధం. ఎవరూ బలవంతం చేయలేదు, అందరూ ప్రేమతోనే పోశారు. ఒక్కో ఇంట్లో కొంచెం కొంచెం. చివరికి ఊరి ద్వారం దగ్గర పడిపోయాడు. భగవానుడు ఆయన్ని మోయించుకొచ్చాడు. తల తన వైపు పెట్టి పడుకోబెడితే, మత్తులో పొర్లి భగవానుడి వైపే కాళ్లు చాపాడు సాగతుడు. అప్పుడు భగవానుడు భిక్షువులను అడిగాడు: నాగాన్ని లొంగదీసిన ఇతను ఇప్పుడు ఒక నీరుకట్టు పామునైనా లొంగదీయగలడా అని.

భిక్షువులు మద్యం ముట్టరాదన్న నియమం ఆ రోజు పుట్టింది. దర్భ కొనతో నాలుకకు తగిలించుకున్నా దోషమే అని వినయం చెప్తుంది. అది భిక్షువులకు, నిజమే. కానీ కథ మనకు కూడా. సాగతుణ్ణి పడగొట్టింది కుండెడు మద్యం కాదు. ఇంటింటి 'కొంచెం'. కొలోన్‌లో నా అట్ట మీద పడ్డ గీతల్లాగే.

ఇంకో సంగతి గమనించండి. అదే సాగతుణ్ణి తేజోధాతు సాధనలో అగ్రగణ్యుడిగా అంగుత్తర నికాయం పేర్కొంటుంది. ఆ సాగతుణ్ణి ధమ్మం పారేయలేదు.

శీలంలోని అసలు మాట 'పమాదం'. అంటే ఏమరుపాటు. మిగతా నాలుగు శీలాలకూ కాపలా కాసేది ఎరుక. ఆ ఎరుకను నిద్రపుచ్చే చోటే పమాద స్థానం. మద్యంతో వచ్చే ఆరు నష్టాలను సిగాలుడికి భగవానుడు వివరించాడు. డబ్బు పోవడం, తగాదాలు, రోగాలు, చెడ్డపేరు, సిగ్గు పోవడం, బుద్ధి మొద్దుబారడం. ఇందులో ఎక్కడా మద్యం రుచిగా ఉండదని లేదు. నాసిరకం మందు మానండి, మేలురకం తాగండి అని కూడా లేదు.

ఇక అసలు బాధ చెప్తాను.

మా నాన్న కూలి చేసేవాడు. సారా ప్యాకెట్ల కాలం అది. నాన్న ఏనాడూ 'రుచి' అన్న మాట అనలేదు. ఒళ్లు నొప్పులన్నాడు. పొద్దున్నుంచి వంగిన నడుము అది. వీధిలో పడిపోతే పిల్లలు నవ్వేవాళ్లు. నేను ఇంకో సందులోంచి ఇంటికి పోయేవాణ్ణి. 1992లో పక్కన నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని తెలిసినప్పుడు, మా అమ్మ కూడా కొంగు బిగించి మా ఊరి దుకాణం ముందు కూర్చుంది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న చేతులవి. ఆ పోరు రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా నిషేధం వచ్చింది. మా నాన్నకు మాత్రం ఆలస్యమైంది.

ఆ తల్లి కొడుకును నేను. చదువుకున్నాను, విమానమెక్కాను, గ్లాసు రంగు వెలుగులో చూసి 'నురగ బాగుంది' అన్నాను. నాన్న తాగితే తాగుబోతు. నేను తాగితే రుచి తెలిసినవాణ్ణా? నాన్నది సిగ్గు, నాది సంస్కృతా? మనలో నాలుగు మెట్లు ఎక్కినవాళ్లకు ఒక శీలం, వాడలో ఉండిపోయినవాళ్లకు ఒక శీలం అయితే, మనం వదిలి వచ్చిన వర్ణధర్మానికీ దీనికీ తేడా ఏముంది? బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో 22 ప్రతిజ్ఞలు చేయించారు. మద్యం తాగను అన్నది అందులో ఒకటి. ఆ ప్రతిజ్ఞ బారిస్టరుకూ కూలీకీ ఒకటే.

తర్వాత ఏమైందంటారా? డ్యూసెల్‌డార్ఫ్‌లో కూర్చోగానే నా అట్టను గ్లాసు మీద మూత పెట్టేశాను. ఆపిల్ రసంలో సోడా కలిపి ఇస్తారు అక్కడ, అది తాగాను. బాంబెర్గ్‌లో పొగ బీరు వాసన చూసి పక్కన పెట్టాను. ఆ వాసన నన్ను లాగలేదని అబద్ధం చెప్పను, లాగింది. బ్యాంకు మిత్రుడు తాగాడు. వాడు ఇప్పటికీ నా మిత్రుడే. లెక్చరర్ మాత్రం బాంబెర్గ్ నుంచి తిరిగొచ్చే రైల్లో, "మా నాన్న కూడా అట్టాగే పోయాడు గదరా" అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మేమిద్దరం ఆ రోజు ఎక్కువ మాట్లాడుకోలేదు.

ధమ్మ బంధువులారా, స్నేహితులతో గోవా పోతారు, బెంగళూరు పోతారు, పిల్లల దగ్గరికి విదేశాలు పోతారు. వెళ్లండి, ఊళ్లు చూడండి. ప్రయాణం మొదలుకాక ముందే 'నేను తీసుకోను' అని చెప్పేయండి. గ్లాసు ముందు పెట్టాక చెప్పడం కష్టం. చేతిలో మజ్జిగో, పళ్లరసమో ఉంచుకోండి. తాగేవాళ్లకు అక్కడే ఉపన్యాసం ఇవ్వకండి, మీరు తాగకపోవడమే చాలు. వాడలో తాగి పడిపోయినవాణ్ణి చూసి నవ్వకండి, ఇంటికి చేర్చండి. జారారా? దాచకండి. మర్నాడు కూర్చుని పంచశీలం మళ్లీ తీసుకోండి. శీలాన్ని 'సిక్ఖాపదం' అన్నారు, అంటే నేర్చుకునే మెట్టు. జారినవాడు మళ్లీ ఎక్కొచ్చు.

ఎక్కడైనా అడగకుండానే ఎవరో ఒకరు గ్లాసు నింపుతూనే ఉంటారు. మూత పెట్టాల్సింది మనమే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.