నీళ్ళు ముందా, మనసు ముందా? నెల్లూరు పడమటి సీమలో ఒక పాత తగువు

శరణాగతి మీద మన వీడియో చూసినవాళ్ళకి ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. భగవంతుడు మనల్ని రక్షించాలంటే ముందు మనం ఏదైనా చెయ్యాలా? లేక ఆయనే చేసేసి, మనకి తర్వాత తెలుస్తుందా? ఇదే ప్రశ్న మన జిల్లాల్లోనే, మన గుడి గోడ అవతల, ఇంకో రూపంలో నూటయాభై ఏళ్ళకి పైగా నడుస్తోంది. క్రైస్తవుల్లో బాప్తిస్మం గురించిన తగువు అది. "అది మనకెందుకండీ" అనుకోకండి. తిరిగి తిరిగి మన భాగవతం దగ్గరికే వస్తుంది.

ఉదయగిరి అనగానే మనకి కొండ మీద కోట గుర్తొస్తుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దాన్ని గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. ఆ కోట కింద ఊళ్ళో 1885లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక కేంద్రం తెరిచింది. 1893లో ఆత్మకూరులో ఇంకొకటి. నెల్లూరు టౌన్లో వాళ్ళు 1840 నుంచే ఉన్నారు. అదే జిల్లాలో దక్షిణాన, సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు, 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు వచ్చారు. ఇద్దరూ ప్రొటెస్టంట్లే, ఇద్దరూ చదివేది బైబిలే. కానీ నీళ్ళ దగ్గర పొసగలేదు.

లూథరన్లు పసిబిడ్డ తల మీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు దాన్ని ఒప్పుకోరు. నమ్ముతున్నానని తన నోటితో చెప్పగల వయసు రావాలి, అప్పుడు ఏట్లోనో చెరువులోనో నిండా ముంచాలి. అందుకే లూథరన్ ఇంట్లో పుట్టిన పిల్ల బాప్టిస్టు సంఘంలో చేరాలంటే మళ్ళీ బాప్తిస్మం అంటారు. ఆ "మళ్ళీ" దగ్గరే లూథరన్లకి మండుతుంది. దేవుడు ఒకసారి ఇచ్చిన మాట చెల్లలేదనా మీ ఉద్దేశం? బాప్టిస్టుల జవాబు: మొదటిది అసలు బాప్తిస్మమే కాదు, కాబట్టి ఇది మళ్ళీ కాదు!

ఇందులో ఒక తమాషా చూడండి. నీళ్ళు రక్షించవు, రక్షణ విశ్వాసంతోనే వచ్చేసింది, నీళ్ళు దానికి సాక్ష్యం మాత్రమే అనేది బాప్టిస్టులు. నీళ్ళ విషయంలో పట్టుదల ఎక్కువా వాళ్ళకే. దేవుడే ఆ నీళ్ళలో పనిచేస్తాడని నమ్మే లూథరన్లకి మాత్రం నాలుగు చుక్కలు చాలు. ఇక చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వాళ్ళు మూడో దారి. బాప్తిస్మం లేనిదే పాపక్షమాపణ లేదంటారు. వాళ్ళు చూపించేది అపొస్తలుల కార్యాల్లో పేతురు ప్రసంగం. ఇక్కడ పేచీ దాదాపు ఒక విభక్తి మీద నడుస్తుంది. పాపక్షమాపణ "కొరకు" బాప్తిస్మమా, పాపక్షమాపణ దొరికినందు "వల్ల" బాప్తిస్మమా? అవతలివాళ్ళేమో సిలువ మీద యేసు పక్కనున్న దొంగని చూపిస్తారు. అతను ఏ నీళ్ళలోనూ మునగలేదు, పరదైసు మాత్రం దొరికింది.

అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది, మారుమనస్సు. చక్కని తెలుగు మాట. ప్రాయశ్చిత్తం అంటే చేసే పని గుర్తొస్తుంది, మారుమనస్సు అంటే లోపల మనిషి తిరగడం. చిక్కంతా ఆ "లోపల" దగ్గరే. ఎవరు చూశారు దాన్ని?

ఈ చిక్కు ఒక మనిషిని నిజంగా నిలబెట్టేసిన సందర్భం ఉంది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని ఇచ్చాడు. వచ్చినవాళ్ళు బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. మనసు మారి అడుగుతున్నారా, ఆకలికి అడుగుతున్నారా అన్నది తేల్చుకోలేకపోయాడు. 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఆరుగురు బోధకులు ఒకసారికి ఇద్దరు చొప్పున ఏట్లో దిగి 2,222 మందికి ఇచ్చారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606.

ఒక్క రోజులో అన్ని వేల మనసులు ఎవరు చదివారు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. క్లౌ దగ్గర ఉన్న కొలబద్దలు బయటివే: ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం మానాలి, విగ్రహాలకి మొక్కడం మానాలి.

ఈ కథ వినగానే మనలో కొందరి నోటికి "బియ్యం బస్తా" అన్న ఎగతాళి వచ్చేస్తుంది. నాకది నచ్చదు. ఆకలిని ఎరగా వాడటం తప్పు, అందులో సందేహం లేదు. ఆ భయంతోనే క్లౌ పదిహేను నెలలు ఆగాడు. కానీ ఆకలిగా ఉన్నవాడి భక్తి అబద్ధమని ఎవరు తేల్చారు? గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు నాలుగు రకాల భక్తులను చెప్తాడు. అందులో మొదటివాడే ఆర్తుడు, కష్టంలో ఉన్నవాడు. అర్థార్థి కూడా ఉన్నాడు. వాళ్ళందరూ ఉదారులే అంటాడు. వీసా కోసం చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూట ఎనిమిది చేసే మన భక్తిని ఎవరైనా "వీసా భక్తి" అంటే ఊరుకుంటామా? పైగా ఆ ఏట్లో దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. గుడి గడప తొక్కనివ్వని, ఊరి బావిలో చేద వెయ్యనివ్వని వాళ్ళు. ఆ గడప మనది. వాళ్ళకంటే ముందు 1866లో చేరిన యెర్రగుంట్ల పేరయ్య గురువు దగ్గర రాజయోగం అభ్యసించిన మనిషి. అంటే ఆయనలో వెతుకులాట మిషన్ రాకముందే ఉంది.

ఇప్పుడు మన ఇంట్లోకి రండి. శ్రీవైష్ణవంలో మర్కట న్యాయం, మార్జాల న్యాయం విన్నారు కదా. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకోవాలి. పిల్లికూనని తల్లే నోట కరుచుకుంటుంది. వేదాంత దేశికుల వారి దారిలో శరణాగతి మనం చెయ్యాల్సిన పని. పిళ్ళై లోకాచార్యుల దారిలో ఆ శరణాగతిని కూడా మన వైపు నుంచి చెల్లించిన ధరలా లెక్కెయ్యకూడదు. నాకైతే లూథరన్ల పసిబిడ్డ పిల్లికూనలా కనిపిస్తుంది, బాప్టిస్టుల యువకుడు కోతిపిల్లలా. పోలిక అన్నిచోట్లా అతకదు, బాప్టిస్టులు కూడా అంతా కృపే అంటారు. అయినా నొప్పి ఒకటే. నేనేమీ చెయ్యక్కర్లేదంటే బద్ధకం, నేనే చెయ్యాలంటే గర్వం.

నీళ్ళే వద్దన్నవాడూ మన తెలుగువాడే. మునిపల్లెకి చెందిన కలగర సుబ్బారావు, 1942లో తనకి క్రీస్తు దర్శనం ఇచ్చాడని చెప్పినవాడు, బాప్తిస్మం తీసుకోలేదు సరికదా దాన్ని గట్టిగా ఖండించాడు. క్రీస్తు కావాలి, ఆ ముద్ర అక్కర్లేదన్నాడు. సంఘాలకి ఆయన్ని ఏ గదిలో పెట్టాలో తెలియలేదు.

ఇక భాగవతం ఆరో స్కంధం. పరీక్షిత్తు శుకుణ్ణి సూటిగా అడుగుతాడు. ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్ళీ అదే పాపం చేస్తుంటే అది ఏనుగు స్నానం కాదా? ఏనుగు నీళ్ళలో మునిగి ఒడ్డెక్కి దుమ్ము చల్లుకుంటుంది కదా! జవాబుగా శుకుడు చెప్పేది అజామిళుడి కథ. చావు ముందు కొడుకుని "నారాయణా" అని పిలిచాడు, విష్ణుదూతలు వచ్చి యమపాశం తెంచారు. అప్పటికి అతనిలో పశ్చాత్తాపం ఏదీ లేదు. మనలో చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ భాగవతంలో అతను ఆ రోజు చావలేదు. దూతలు వెళ్ళాక లేచి కూర్చుని, చేసినవన్నీ తలుచుకుని ఏడ్చి, ఇల్లు వదిలి గంగాద్వారం వెళ్ళి సాధన చేశాడు. వైకుంఠం ఆ తర్వాతే.

మరి అజామిళుణ్ణి రక్షించింది ఆ పిలుపా, ఆ ఏడుపా? వచ్చే వీడియోలో పోతన గారిని పక్కన పెట్టుకుని చూద్దాం.