తడపని సానరాయి



మా యింటి చెక్కపెట్టె అడుగున ఒక రాయి కలదు. అది జానెడు పొడవు, మూడు వ్రేళ్ల వెడల్పు గలది. పైభాగము మీగడవంటి లేత పసుపు వన్నె, క్రిందిభాగము నల్లని పలకరాయి. మా తాతగారు ఉపదేశిగా పనిచేసిన దినములలో, స్వదేశమునకు మరలిపోవుచున్న ఒక మిషనెరీ దొరగారు తన క్షౌరపు కత్తిని, ఈ రాయిని ఆయన చేతికిచ్చి వెళ్లిరి. కత్తి ఎప్పుడో పోయినది, రాయి మిగిలెను. దీనిమీద కొడవలి నూరుకొందమా అని ఒకప్పుడు మేమే తలంచితిమి. నూరలేదు గనుక సరిపోయినది.

గత సంవత్సరము, పరదేశమున ఉద్యోగము చేయుచున్న మా సంఘపు యువకుడొకడు సెలవులకు వచ్చి ఈ రాయిని చూచెను. "అయ్యగారూ, దీనిమీద నీళ్లు పడనియ్యకండి. ఇట్లాంటి రాళ్లను పోగుచేసేవాళ్లు ఉన్నారు. వాడకుండా ఉంటేనే దీనికి వెల" అని చెప్పి, గుడ్డలో చుట్టి మా చేతికిచ్చెను. ఆ వారమే మా ఊరి వృద్ధ క్షురకుడు ఏదో పనిమీద మా యింటికి వచ్చి, బల్లమీది ఆ రాయిని బొటనవ్రేలితో తడిమి, "ఒక్కసారి నా కత్తి దీనిమీద నూరుకోనిస్తారా అయ్యగారూ?" అని అడిగెను.

మేము వెంటనే సరే అనలేకపోతిమి. ఎందుకు అనలేకపోతిమో ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిమి. వాడుకొలదిని అరిగిపోవు అరుదైన వస్తువు ఒకటి మన చేతికి వచ్చినప్పుడు, దానిని వాడుట ధర్మమా, దాచుట ధర్మమా?

మొదట ఈ రాతి సంగతి చెప్పవలెను. దీనిని కోటిక్యూల్ అందురు. లాటిను భాషలో చిన్న సానరాయి అని అర్థము. ఐరోపాలోని బెల్జియము దేశమున ఆర్డెన్ కొండలలో, వీల్‌సాల్మ్ అను ఊరి చుట్టుపట్ల ఇది దొరకును. సుమారు 48 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రపు అడుగున పేరుకొనిన మట్టి భూమి ఒత్తిడికి గట్టిపడి ఈ రాయియైనది. మన గూడూరు ప్రాంతమున త్రవ్విన అభ్రకము మీరెరుగుదురు గదా? అటువంటి అభ్రకపు మెత్తని పొడిలో, గార్నెట్ అను కఠినమైన రాతికణములు కిక్కిరిసి యుండును. ఒక్కొక్క కణము మిల్లీమీటరులో సుమారు నూరవవంతు. కత్తి అంచును తీర్చునవి ఆ కణములే. పసుపు రాయి పలకరాతి నడుమ సన్నని పొరలుగా మాత్రమే యుండును. కోసినయెడల విరిగిపోవును గనుక దాని వెనుక నల్లని పలకను అంటించుట వాడుక.

దీనిని వాడు విధము సులువుగా కనబడును గాని సులువు కాదు. రాతిమీద నీళ్లు చల్లి, అదే జాతి చిన్న రాతిముక్కతో రుద్దినయెడల పాలవంటి చిక్కని నీరు పుట్టును. కత్తి వెన్నును అంచును రెండింటిని రాతికి ఆనించి, అంచు ముందుండునట్లు నెట్టి, వెన్నుమీద త్రిప్పి, మరల వెనుకకు లాగవలెను. తరువాత కొంచెము కొంచెముగా నీళ్లు కలుపుచు ఆ పాలను పలుచన చేయవలెను. అది పలుచనైనకొలది అంచు నునుపెక్కును. చివరకు తోలుపట్టామీద, ఈ సారి వెన్ను ముందుండునట్లు, లాగవలెను. ఎప్పుడు నీళ్లు కలుపవలెను, ఎంత కలుపవలెను అనునది ఏ పుస్తకమును పూర్తిగా చెప్పలేదు. ఒకే పొరనుండి వచ్చిన రెండు రాళ్లు కూడ ఒకే విధముగా పనిచేయవు. ఏ రాతిని ఆ రాతితోనే నేర్చుకొనవలెను.

ఇట్టి రాళ్లమీద మనుష్యులకు మోజు క్రొత్తది కాదు. క్రీ.శ. 79వ సంవత్సరమున మరణించిన ప్లినీ అను రోమా గ్రంథకర్త నూనెతో వాడు సానరాళ్లను, నీటితో వాడువాటిని వేరుచేసి వ్రాసి, క్షురకులు తమ రాతిని ఉమ్మితో తడుపుదురనియు, వాటిలో స్పెయిను దేశపు రాళ్లు శ్రేష్ఠమైనవనియు చెప్పెను. (ఉమ్మి సంగతి మన క్షురకులకు చెప్పకుందము!) జర్మనీ దేశపు సోనెబర్గ్ పట్టణమున ఎషర్ అను పేరుతో అమ్మిన రాళ్లు, జపానులో క్యోటో పట్టణపు కొండలలో త్రవ్వినవి, ఇవన్నియు ఒకప్పుడు దినదినము అరుగుచుండిన రాళ్లే. 1903లో జిల్లెట్ కంపెనీ పారవేయదగిన బ్లేడును అమ్మనారంభించిన తరువాత ఇంటింట కత్తి మూలబడెను. గనులు ఒక్కొక్కటిగా మూతబడెను. నేడు యంత్రములతో చేసిన కృత్రిమ సానరాళ్లు ఆ పనిని చక్కగనే చేయుచున్నవి. ఇది దాచవలసిన సంగతి కాదు. పుట్టు రాయి లేనిదే గడ్డము గీయబడదని ఎవరైన చెప్పినయెడల నమ్మకుడి.

పోగుచేయువారి మాటలోను న్యాయము లేకపోలేదు. ముసలివారు చనిపోయినప్పుడు వారి పెట్టెలలోని రాళ్లను చెత్తకుప్పపాలు గాకుండ కాపాడినవారు వారే. ఏ రాయి ఏ కొండనుండి వచ్చెనో గుర్తుపట్టగలవారును వారే. అయితే ఒక సంగతి విని మేము నవ్వుకొంటిమి. ఎషర్ రాళ్లకు అంటించిన కాగితపు చీటీ చెక్కుచెదరక యున్నయెడల వెల హెచ్చునట. నీళ్లు తగిలిన కాగితము ఊడిపోవును. కాబట్టి కాగితము నిమిత్తము రాతిని తడుపరు. నవ్వుకొనిన తరువాత మా పెట్టెలోని గుడ్డచుట్ట జ్ఞాపకము వచ్చి, నవ్వు నిలిచిపోయెను.

ఈ సందర్భమున తలాంతును పాతిపెట్టిన దాసుని ఉపమానము చెప్పుదుమని మీరు తలంచవచ్చును. అది ఇక్కడ సరిగా అతుకదు. తలాంతు వ్యాపారమున పెరుగును, రాయి వాడుకలో తరుగును. తరుగుదానిని కాపాడుట సోమరితనము కాదు. ఒకడు ఈ రాతిమీద గొడ్డళ్లు నూరి రెండేండ్లలో గుంటచేసినయెడల, అది దుర్వ్యయమేయని మేమందుము.

అయితే క్షౌరపు కత్తి ఎంత తినును? దినదినము తోలుపట్టాతోనే దానికి పని జరుగును. రాతి అవసరము ఏడాదికి కొన్ని సారులు మాత్రమే. ఒక మనుష్యుడు తన గడ్డము కొరకే నూరుకొనినయెడల జీవితకాలమంతయు వాడినను ఇటువంటి రాయి తరిగిపోదు, మనుమల చేతికి వచ్చును. కాబట్టి అరిగిపోవునను మా భయము నిజమైన భయము కాదు. వెల పడిపోవునను భయమే పొదుపు అను అంగీ తొడుగుకొని వచ్చినది. ఇది మేము మామీదనే చెప్పుకొనుచున్న మాట.

ప్రసంగి గ్రంథము 10వ అధ్యాయమున, మొద్దుబారిన ఇనుమును నూరని వాడు ఎక్కువ బలము వ్యయపరచవలసి వచ్చునని యున్నది. అది అందరెరిగినదే. సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయపు చివరి వచనములను మాత్రము మనము త్వరగా చదివి దాటిపోదుము. సౌలు కాలమున ఇశ్రాయేలీయులు తమ నక్కులను, గొడ్డళ్లను పదును చేయించుకొనుటకు ఫిలిష్తీయుల యొద్దకు దిగిపోవలసి వచ్చెను. ఆ కొండదేశములో రాళ్లకు కొదువయా? కాదు. కమ్మరి లేడు. కత్తులు ఈటెలు చేయుదురను భయముతో శత్రువులు ఆ పని తెలిసిన చేతిని వారికి లేకుండ చేసిరి.

దీనిని చదివినప్పుడు మా ఊరి పెద్దాయన మాకు కనబడెను. ఆయనకు ఎనుబది దాటినవి. రక్తము ద్వారా కామెర్లు, ఎయిడ్సు వంటి రోగములు అంటునని తెలిసిన తరువాత, ఒకే కత్తితో అనేకులకు గీయుట మానవలసి వచ్చెను. అది మంచిదే. ఆయన కుమారులు, మనుమలు మనిషికొక క్రొత్త బ్లేడు తొడిగి పని చేయుదురు. తాతలనాటి కత్తితో ఆయన ఇప్పుడు తన గడ్డము మాత్రమే గీసికొనును. మా రాయి 48 కోట్ల సంవత్సరములు ఉన్నది, ఇంకను ఉండును. ఆయన చేయి ఎన్నాళ్లుండును? మేము గుడ్డలో చుట్టి కాపాడుచున్నది దేనిని?

సోమవారము ఉదయమున ఆయనకు కబురు పంపితిమి. పొదిలోనుండి కత్తి తీసి, "కూర్చోండి అయ్యగారూ, ఆలస్యమవుతుంది" అనెను. ఈ జాతి రాతిని ఆయన ఎన్నడును చూచియుండలేదు. మొదట నాలుగు సారులు నెట్టి ఆగి, చెవి దగ్గరగా వంచి ఆ శబ్దమును వినెను. తల అడ్డముగా త్రిప్పి, నీళ్లు రెండు చుక్కలు వేసెను. అరగంట తరువాత తన ముంజేతిమీది తెల్లని వెండ్రుకలకు అంచును తాకించగా అవి తెగి రాలెను.

"నా మనుమడికి షాపుంది కాని కత్తి నూరడం రాదు. వాణ్ణి తీసుకురమ్మంటారా?" అని అడిగెను. తీసికొని రమ్మంటిమి. పరదేశములోనున్న యువకునికి ఈ సంగతి తెలిపినప్పుడు అతడు కొంతసేపు ఏమియు పలుకలేదు.

మరుసటి సోమవారము మనుమడు వచ్చెను. కత్తిని ఏటవాలుగా పట్టి, తాత తీర్చిన అంచును పది నిమిషములలో చెడగొట్టెను. పెద్దాయన కోపపడలేదు. మరి కొంచెము నీళ్లు అడిగెను.