గొంతుకు కూలి ఎన్నిసార్లు?

కరోనా కాలంలో మా గూడెం అక్క ఒకామె కోయ భాషలో జాగ్రత్తలు చెప్పి రికార్డు చేయించింది. ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పారు. ఆమెకు ఒకరోజు కూలి ఇచ్చారు. మనోళ్ల ప్రాణాల కోసం చెప్పిన మాటకు లెక్కేమిటని ఆమె అడగలేదు, మేమూ అడగలేదు. మొన్న కారేపల్లి సంతలో విత్తనాల ప్రచార బండి మీద అదే గొంతు వినిపించింది. ‘అన్నల్లారా, అక్కల్లారా’ అన్న పిలుపును కత్తిరించి తమ సరుకు ముందు అతికించుకున్నారు. అక్క నిలబడి విన్నది. ‘వీళ్ల కోసం నేనెప్పుడు పిలిచిన?’ అన్నది.

ఒకసారి కూలి తీసుకున్నాక మళ్లీ అడగడం అత్యాశ కాదా అని కొందరంటారు. గోడ కట్టిన మేస్త్రీ ఏటేటా వచ్చి డబ్బులడుగుతాడా అంటారు. నిజమే, అడగడు. కానీ రెండో ఇంటికి గోడ కావాలంటే మళ్లీ ఒక మేస్త్రీని పిలవాల్సిందే. రికార్డయిన గొంతు అలా కాదు. మనిషిని పిలవకుండానే నూరు చోట్ల పనిచేస్తుంది. రేపు ఆమెకు రావలసిన పనిని కూడా అదే తినేస్తుంది.

ఇది మనకు కొత్త న్యాయం కాదు. తునికాకు సంగతి చూడండి. 50 ఆకుల కట్టకు కల్లంలో కూలి ఇస్తారు. ఆకు అమ్మాక మిగిలిన ఆదాయంలోంచి సేకరించిన వాళ్లకు బోనస్ రావాలి. దాన్ని ఎవరూ అత్యాశ అనరు, హక్కు అంటారు. ఆకుకున్న న్యాయం గొంతుకు ఎందుకు ఉండకూడదు?

చట్టమూ ఈ మాటే అంటుంది. కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కులు 1994లో చేరాయి. ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీ, వక్రీకరించి పరువు తీస్తే అడ్డుకునే హక్కు 2012 సవరణతో వచ్చాయి. 2023లో అమెరికా నటులు 118 రోజులు సమ్మె చేశారు. తమ రూపాన్ని, గొంతును కంప్యూటరుతో నకలు తీయాలంటే తమ అనుమతి, తగిన డబ్బు ఉండాలన్నది వారి డిమాండ్లలో ఒకటి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. డోలీలు పాడే కథలో గొంతు ఒకరిది, కథ గట్టు మొత్తానిది. 2022లో సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా మనకే వచ్చినట్టు సంబరపడింది అందుకే. కాబట్టి కూలి పాడినవారికి, అనుమతి పెద్దల నుంచి. కొలుపులో తప్ప పాడకూడని పాట ఉంటే, ఎంత డబ్బిచ్చినా అది బయటికి పోకూడదు.

ఉచితంగా ఇవ్వడం తప్పని మేము అనడం లేదు. అయితే ఉచితమనే మాట ఇచ్చేవారి నోట రావాలి, తీసుకునేవారి నోట కాదు. సంతకం పెట్టేముందు పిల్లలూ, టీచర్లూ మూడు అడగండి: ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు, మళ్లీ వాడితే ఏమిస్తారు?

ఆ మూడు ప్రశ్నలూ ముందు మనల్ని మనమే అడుగుదాం. అవ్వ పాటను అడగకుండా ఫోన్లో తీసి లోకానికి పంపింది మనమే కదా.